వియ్యంకుడి దవడపన్ను

నా పంటి తొడుగు మొదటిసారి ఊడింది మంగలి దుకాణంలో. తుమ్మాను. తుమ్ముతోపాటు తొడుగు కూడా బయలుదేరి, ఎదురుగా ఉన్న అద్దానికి తగిలి, అక్కడినుంచి పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి చెంప మీది నురగలోకి దూరింది. మంగలి కత్తి ఆపి, కాసేపు తేరిపార చూసి, ఈ గడ్డంలో పన్ను మొలిచిందేమిటండీ అని నన్నే అడిగాడు. నేను చెప్పేవాటిలో సగానికి సగం తగ్గించి వినాలని మా ఇంట్లో ఒక నియమం ఉంది. మీరూ తగ్గించుకోండి. తొడుగు ఊడిన మాట మాత్రం తగ్గదు.

అది వేసినవాడు పరాయివాడైతే వాకిట్లో నిలబడి నాలుగు దులిపేసి వచ్చేవాణ్ణి. వేసింది సాక్షాత్తూ మా వియ్యంకుడు. పిల్లనిచ్చినవాణ్ణి కాబట్టి ఆయన ముందు నోరు మూసుకోవాలి. పంటి రోగిని కాబట్టి నోరు తెరవాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేసిన మనిషి నాకు తెలిసి నేనొక్కణ్ణే.

మా వియ్యంకుడు మామూలు పళ్ళ డాక్టరు కాదు, పళ్ళ డాక్టర్లను తయారుచేసే డాక్టరు. పొద్దున కాలేజీలో పాఠం చెబుతాడు. మధ్యాహ్నం నుంచి సొంత ఆస్పత్రిలో కూర్చుంటాడు. అక్కడ ఆయనకి మెరుపు డాక్టరని పేరు. వెనకటికి ఎదురుచూసే గదిలో ఒకతను ఆవలించడానికి నోరు తెరిచాడట, మూసేలోగా పంటికి తొడుగు ఎక్కేసిందట. పాపం అతను పంటినొప్పితో రాలేదు, కరెంటు మీటరు చూసుకుపోవడానికి వచ్చాడు.

ఆయన పాఠం నేనొకసారి విన్నాను. కాలేజీ వార్షికోత్సవానికి వియ్యంకుడి హోదాలో ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన వేదిక ఎక్కి, రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి, వేళ్ళ కొసలు ఇసుమంత లోపలికి వంచి, తొడుగు వేసేముందు పంటిని చెక్కితే దాని గోడలు ఇలా ఉండాలన్నాడు. నిటారుకి కాస్త తక్కువ, అంతే. అంతకన్నా వాలిస్తే తొడుగుకు పట్టు దొరకదు. తీసేసిన పన్ను మళ్ళీ రాదు కాబట్టి, అవసరమైనంతే తీయాలి, గుండెల మీద చెయ్యి వేసుకుని తీయాలి. విన్న పిల్లలంతా తలలూపారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ రెండు చేతుల భంగిమ అక్కడ ఎంత ప్రసిద్ధమంటే, కాలేజీ మెట్ల మీద ఎవరైనా చేతులు అలా పెడితే పెద్ద సారు వస్తున్నారని అర్థం.

అవే చేతులు ఆస్పత్రిలో మిషను పట్టుకున్నాయంటే మనిషి వేరు. పంటి చుట్టూ గిర్రున ఒక తిప్పు తిప్పి, పెన్సిలు మొన తీసినట్టు తీసి వదిలేస్తాడు. ఎందుకంటే మొన మీద ఏ టోపీ అయినా కూర్చుంటుంది. గోడలు నిటారుగా ఉంచితే అచ్చు వంకర లేకుండా రావాలి, ల్యాబువాడు తేడా లేకుండా తొడుగు చెయ్యాలి, అది దిగకపోతే ఓపిగ్గా సర్దాలి, ఈలోగా బయట బెంచీ మీద జనం గొణుగుతారు. మొనకి ఈ తద్దినమేమీ లేదు. తొడుగు ఎంత హాయిగా ఎక్కుతుందో అంత హాయిగా దిగిపోతుంది. దిగిపోయిందని ఎవరైనా వస్తే ఆయన దగ్గర రెండు మందులున్నాయి. ఒకటి ప్రశ్న, రెండోది సిమెంటు.

ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఏం కొరికారు?"

రోగి తెల్లబోతాడు. ఎప్పుడో ఏదో కొరికి ఉంటాడు కదా, మనిషి పుట్టుక పుట్టాక. తప్పు తనదే అనుకుని తలదించుకుంటాడు. అప్పుడు సిమెంటు వస్తుంది. కిందటిసారి కన్నా గట్టిది. నాకు వాడిన సిమెంట్లతో ఒక పిట్టగోడ లేచేది.

ఇక మా అమ్మాయి. అదీ పళ్ళ డాక్టరే. ఆయన దగ్గర చదువుకుంది, ఆయన పాఠం నమ్మింది, ఆయన ఇంటికే కోడలైంది. చదువుతో ఇబ్బంది లేదు, కాపురంతో ఇబ్బంది లేదు. నమ్మడంతోనే వచ్చింది చిక్కంతా. మామగారు వేదిక మీద చెప్పినట్టే ఆస్పత్రిలో చెయ్యబోయింది. పంటి మీద ముందు సన్నటి గాడులు తీసుకునేది, ఎంత లోతు తీస్తున్నానో తెలియడానికి. అద్దంలో చూసి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ రెండు కళ్ళతో చూసేది. తొడుగు అంచు చిగురును ఎక్కడ తాకుతుందో అక్కడ గీత శుభ్రంగా కనిపించేదాకా వదిలేది కాదు. శాశ్వత తొడుగు వచ్చేలోపు చెక్కిన పన్ను బోసిగా ఉండకూడదని తాత్కాలిక తొడుగు చేసి పెట్టేది. ఆమె పెట్టిన తొడుగు ఊడిందని తిరిగొచ్చినవాడు లేడు. కానీ ఆమె ఒక పన్ను పూర్తి చేసేసరికి మామగారు ఒక వీధి పూర్తి చేసేవాడు.

ఇది ఆయనకి గిట్టలేదు. కోడలు పన్ను చెక్కడం లేదు, విగ్రహం చెక్కుతోంది అని నలుగురిలో అన్నాడు. అన్నవాడు ఊరుకోక, వచ్చే ఒకటో తేదీ నుంచి ఆమె మిషను పక్కన పెట్టి ముందు గదిలో కౌంటరు చూసుకుంటుందని ప్రకటించాడు. ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం. చదివిన చదువంతా హలో అనడానికి పనికొస్తుందన్నమాట. ఆమె కోసం గిరగిర తిరిగే కొత్త కుర్చీ కూడా తెప్పించాడు. ప్లాస్టిక్ కాగితం విప్పకుండా కౌంటరు వెనక పెట్టించాడు, రోజూ కంటపడేలా.

మా అల్లుడు ఏమన్నాడని అడుగుతారేమో. మా అల్లుడు అక్కడే ఎక్స్‌రేలు తీస్తాడు. మనుషుల లోపల ఉన్నదంతా కనిపిస్తుంది అతనికి. బయట జరిగేదే కనబడదు.

అమ్మాయి ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ గలగలలాడే పిల్ల వంటింట్లో పీట మీద కూర్చుని మంచినీళ్ళ గ్లాసు వంక చూస్తోంది. నేను నవ్విద్దామని, సిమెంటు బస్తా ఒకటి కొనుక్కుని నేనే నెలకోసారి పోసుకుంటాను, మీ మామగారికి శ్రమ తగ్గుతుంది అన్నాను. అది నవ్వలేదు. రెండు స్టీలు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో ఒకటి దిగేసి నా చేతికిచ్చింది. విడదియ్యమంది. లాగాను, తిప్పాను, మోకాళ్ళ మధ్య పెట్టి పెనుగులాడాను. మా అమ్మ కట్నంగా ఇచ్చిన గ్లాసులవని నా భార్య పొయ్యి దగ్గర్నుంచి హెచ్చరించింది. రాలేదు. తరవాత నూనె పోసుకునే గరాటు బోర్లించి, దాని మీద ఇంకో గరాటు బోర్లించింది. చిటికెనవేలితో ఎత్తితే పైది లేచి వచ్చింది.

"ఈ గ్లాసుల మధ్య సిమెంటేమైనా ఉందా నాన్నా? పట్టంతా గోడలది. సిమెంటు సందు పూడుస్తుంది, అంతే. నీ పన్ను గరాటు. దాని మీద కొండంత సిమెంటు పోసినా ఒకటే."

"మరి ఏం చేస్తే నిలబడుతుందే?"

"ఉన్న ముక్కని ఇంకా సన్నం చెయ్యకూడదు. పక్కల్లో నిలువుగా రెండు చిన్న గాడులు తీసి, వాటిలో దిగేలా కొత్త తొడుగు చేయించాలి. అప్పుడు పక్కకి దొర్లదు. నేను చెయ్యగలను. కానీ పెద్దాయన చేసిన పంటి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదని అక్కడ రూలు. ఒకటో తేదీ దాటాక ఏ పంటి మీదా వెయ్యక్కర్లేదు నేను."

ఆ గ్లాసులు ఇప్పటికీ విడిపోలేదు. నా భార్య ఇప్పటికీ క్షమించలేదు.

ఆ మర్నాడే మళ్ళీ ఊడింది. ఈసారి తుమ్ములేదు, దగ్గులేదు. మంచినీళ్ళు తాగుతున్నాను, అది గ్లాసులోకి దిగి అడుగున కూర్చుంది. అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. మధ్యాహ్నం విరామం. వెనకగదిలో బల్ల చుట్టూ మా వియ్యంకుడు, ఆయన శిష్యులిద్దరు, మా అమ్మాయి కూర్చుని ఉన్నారు. శిష్యుల్లో ఒకడు పొడుగ్గా ఉంటాడు కాబట్టి పొడుగు శిష్యుడు, రెండోవాడు గుండు చేయించుకున్నాడు కాబట్టి గుండు శిష్యుడు. ఇద్దరూ వేగంలో గురువుని మించినవాళ్ళు. గురువు కాలేజీలో చెప్పేది పరీక్షల్లో రాశారు, ఆస్పత్రిలో చేసేది చేతులకి పట్టించారు.

బల్ల మీద ఎవరో రోగి ఇచ్చిన అక్రోటుకాయల డబ్బా ఉంది. ఆయన ఆ రోజు మంచి హుషారుగా ఉన్నాడు. కాలేజీవాళ్ళు వచ్చే నెల ఆయనకి సన్మానం చేస్తున్నారట. పంటి గోడల గురించే ప్రసంగం అడిగారట. నన్ను చూసి, నా చేతిలో అగ్గిపెట్టె చూసి, నవ్వాడు.

"ఏం కొరికారు బావగారూ?"

"మంచినీళ్ళు."

శిష్యులు కిసుక్కుమన్నారు. ఆయనకి కోపమొచ్చింది. నీళ్ళకి ఊడే తొడుగు తన చేతి మీదుగా ఇంతవరకు పోలేదని, కొంతమంది పళ్ళే అంతని, వంశంలోనే ఉండాలని మొదలుపెట్టాడు. అలా అంటూ డబ్బాలోంచి ఒక అక్రోటు తీసి, పళ్ళంటే ఇలా ఉండాలండీ అని, దవడపళ్ళ మధ్య పెట్టి కసుక్కున నొక్కాడు.

ఫట్‌మని చప్పుడైంది. శిష్యులు చప్పట్లు కొట్టారు. ఆయన నోట్లోంచి అక్రోటు తీశాడు. అది చెక్కుచెదరలేదు.

శిష్యుల చేతులు చప్పట్ల మధ్యలో ఆగిపోయాయి. నా నోరు మాత్రం ఆగలేదు. జన్మకోసారి దొరికే అవకాశం కదా.

"ఏం కొరికారు బావగారూ?" అన్నాను.

దవడపన్ను ఒక మూల విరిగింది. మా అల్లుడు ఎక్స్‌రే తీసి, వేరు బాగానే ఉందని, తొడుగు వేస్తే సరిపోతుందని చెప్పాడు. పెళ్ళయ్యాక అతని నోట నేను విన్న పెద్ద మాట అదే. ఇంతవరకు బాగానే ఉంది. వెయ్యాల్సిందెవరు? తన పన్ను తాను చెక్కుకునే డాక్టరు ఇంకా పుట్టలేదు. పొడుగు శిష్యుడు చేతులకి తొడుగులు వేసుకుంటూ ముందుకొచ్చాడు. సార్, మీరు నేర్పిందే, మీ టీ చల్లారేలోగా లేపేస్తాను అన్నాడు. గుండు శిష్యుడు అతన్ని పక్కకి నెట్టి, టీ పొయ్యేలోగానే లేపేస్తానన్నాడు.

మా వియ్యంకుడి ముఖం పాలిపోవడం చూశాను. కొన్నేళ్ళుగా ఎదుటివాళ్ళ నోళ్ళలో తీసిన మొనలన్నీ ఒక్కసారి ఆయన కళ్ళముందు కనబడి ఉంటాయి. కూర్చున్నచోటే సాకులు వెతికాడు. పొడుగువాడికి అంత ఎత్తునుంచి వంగితే నడుం పట్టేస్తుందన్నాడు. గుండువాడి తల మీద దీపం మెరిసి కళ్ళు చెదురుతాయన్నాడు. వేరే ఊరి డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటే, వాళ్ళంతా కూడా తన శిష్యులేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. చివరికి గోడవంక చూస్తూ, ఏదో గాలికి అన్నట్టు అన్నాడు.

"కోడలమ్మ ఖాళీగా ఉందేమో చూడండి."

కోడలమ్మ ఆయన పక్కనే కూర్చుని ఉంది.

అది ఆ నెల ఆఖరి రోజు. మర్నాటినుంచి అమ్మాయి కౌంటర్లో కూర్చోవాలి. కొత్త కుర్చీ కాగితం లోపల మెరుస్తూ ఎదురుచూస్తోంది.

ఆయన్ని రోగుల కుర్చీలో పడుకోబెట్టింది. ఎన్నాళ్ళనుంచో అదే కుర్చీ పక్కన నిలబడ్డ మనిషికి పైకప్పు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది కాబోలు, దాని బూజు గురించి ఏదో అన్నాడు. సూది వేసింది. దవడ మొద్దుబారింది. నోట్లో దూది పెట్టి, నీళ్ళు లాగే గొట్టం తగిలించింది. శిష్యులిద్దరూ కాళ్ళ దగ్గర నిలబడ్డారు, పనయ్యేదాకా కదిలేది లేదని. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఎవరు పొమ్మన్నా పోయేది లేదని. అమ్మాయి మిషను చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగింది. చాలా మెల్లిగా, ఎంతో మర్యాదగా అడిగింది.

"మామయ్యగారూ, మన ఆస్పత్రి పద్ధతిలో చెయ్యమంటారా, మీరు కాలేజీలో చెప్పే పద్ధతిలో చెయ్యమంటారా?"

ఆయన కళ్ళు శిష్యుల మీదికి వెళ్ళాయి. నా మీదికి వచ్చాయి. పైకప్పుకి వెళ్ళాయి. ఏదో అన్నాడు, గొట్టం గుర్రుమని లాగేసింది. అమ్మాయి వినబడలేదు మామయ్యగారూ అంది. మిషను అలాగే పట్టుకుని ఉంది.

అప్పుడాయన రెండు చేతులూ మెల్లిగా పైకెత్తాడు. అరచేతులు ఎదురెదురుగా పెట్టాడు. వేళ్ళ కొసలు ఇసుమంత లోపలికి వంచాడు. వేదిక మీద చూపించినదానికన్నా ఆ రోజు మరీ కొలిచినట్టు పెట్టాడు. పొడుగు శిష్యుడు నోరు తెరిచాడు, గుండు శిష్యుడు అతని నోరు మూశాడు.

అమ్మాయి తలూపింది గానీ మిషను ఆన్ చెయ్యలేదు.

"అలాగే. కాకపోతే అది ఒక పూటలో తేలదు కదా. ఇవాళ చెక్కి, అచ్చు తీసి, తాత్కాలిక తొడుగు పెడతాను. అసలుది ల్యాబునుంచి వచ్చేసరికి నేను కౌంటర్లో ఉంటాను. అంచులు చూసి సర్ది పెట్టాల్సింది ఎవరో ఇప్పుడే చెప్పండి. దగ్గరుండి వాళ్ళకి చూపిస్తాను."

ఇద్దరు శిష్యులూ ఒకేసారి ఒక అడుగు ముందుకు వేశారు. పాపం, గురుభక్తి. ఆ అడుగే తేల్చేసింది. మా వియ్యంకుడు గబుక్కున చెయ్యి ఎత్తి కోడలివైపు వేలు చూపించాడు. చూపించినవాడు దించకుండా అలాగే పట్టుకున్నాడు. మధ్యలో ఆమె మనసు మార్చుకుంటుందేమోనని భయం కాబోలు.

"అయితే రేపు కూడా నాకు మిషను కావాలి. ఎల్లుండి కూడా" అంది.

వేలు పైకీ కిందకీ ఊగింది.

అప్పుడు మొదలుపెట్టింది. సన్నటి గాడులు తీసింది. అద్దంలో చూసింది. ఒక కన్ను మూసి చూసింది. బయట బెంచీ మీద జనం గొణిగారు. అటు సాయంత్రం దగ్గరపడింది, ఇటు నా కాళ్ళు లాగాయి, గోడ మీది బల్లి రెండు కాపురాలు చేసింది. కుర్చీలో మనిషి త్వరగా అని ఒక్కసారి కూడా సైగ చెయ్యలేదు. పైగా ఆమె కాస్త తొందరగా తిప్పినట్టనిపిస్తే చాలు, మెల్లిగా అని చేత్తో సర్దేవాడు. ఇన్నాళ్ళూ ల్యాబుకి ఫోన్ చేసి ఇంకా ఎంతసేపయ్యా అని అరిచిన మనిషి, ఆ వారమంతా నిదానంగా చెయ్యండి బాబూ, తొందరేం లేదు అని పొద్దునా సాయంత్రం బతిమాలాడట.

అసలు తొడుగు వచ్చింది. మొదట పూర్తిగా దిగలేదు. గ్లాసులో గ్లాసు మరి. వాళ్ళ ఆస్పత్రిలో దిగని తొడుగంటే పన్నుకి ఇంకో తిప్పు తిప్పడమే అలవాటు. అమ్మాయి పంటి జోలికి వెళ్ళలేదు, తొడుగు లోపల ఎక్కడ ఆనుతోందో వెతికి అక్కడ మాత్రం చిన్నగా సర్దింది. దిగింది. ఎక్కడ ఎత్తుగా ఉందో తెలియడానికి రంగు కాగితం పెట్టి కొరకమంది. మచ్చ ఎక్కువ పడినచోట రుద్దింది. మళ్ళీ కొరకమంది. అక్రోటు ఇవ్వనా అని నేనడిగాను. నన్ను బయటికి పంపేశారు.

సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. ఆయన వేదిక మీద రెండు చేతులూ పెట్టగానే వెనక వరసలో పొడుగువాడు, గుండువాడు వంగిపోయి నవ్వారని విన్నాను. వాళ్ళు ఊరంతా చెప్పేశారు మరి. ఆయన చలించలేదు. ఈ సూత్రాన్ని నా కుటుంబంలోనే అమలు చేయించాను, కావాలంటే నా నోరు చూడండి అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు. కోడలి పేరెత్తలేదు. నిజమేమిటంటే ఆయన తొడుగు నిలబడింది, ఆయన సిగ్గు మాత్రం ఎప్పుడో ఊడిపోయింది, దానికి ఏ సిమెంటూ లేదు.

కానీ జనం వేదికలు వినరు, నోళ్ళు చూస్తారు. పెద్ద డాక్టరు తన పన్ను ఎవరి చేత పెట్టించుకున్నాడో తెలిశాక, వచ్చినవాళ్ళంతా మాకూ ఆ అమ్మాయే చెయ్యాలన్నారు. ఎంతసేపైనా కూర్చుంటామన్నారు. అగ్గిపెట్టెల్లో, పొట్లాల్లో, రుమాళ్ళలో, చీర కొంగుల్లో ఊడిన తొడుగులు పట్టుకుని మరీ వచ్చారు. శిష్యులిద్దరూ ఇప్పుడు ఆమె పక్కన నిలబడి ఒక కన్ను మూసి చూడటం నేర్చుకుంటున్నారు. గుండువాడికి ఇంకా ఏ కన్ను మూయాలో తేలలేదు.

పెద్దాయన చేసిన పంటి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదన్న రూలు ఎవరూ ఎత్తెయ్యలేదు. అడిగినవాడూ లేడు. నా పంటికి రెండు నిలువు గాడులు తీసి, కొత్త తొడుగు దిగేసింది అమ్మాయి. మంగలి దుకాణానికి వెళ్ళి కావాలని తుమ్మి వచ్చాను. పక్క కుర్చీ పెద్దమనిషి నన్ను చూడగానే లేచి దూరంగా కూర్చున్నాడు గానీ, తొడుగు కదలలేదు.

మరి మా వియ్యంకుడు ఖాళీగా కూర్చోగలడా? కౌంటరు వెనక ఆ కొత్త కుర్చీ ఉంది. కాగితం విప్పించి ఆయనే కూర్చుంటున్నాడు. పర్యవేక్షణ అంటాడు. ఫోను మోగితే ఎత్తుతాడు, హలో అంటాడు. తిరుగుడు కుర్చీ కాబట్టి గిర్రున తిరిగే అలవాటుకి లోటు లేదు.

మొన్న ఊరికే అటు వెళ్ళి తలుపు తోశాను. తలెత్తకుండానే అడిగాడు.

"ఏం కొరికారు బావగారూ?"

వెళ్ళి కౌంటరు మీద మోచేతులు ఆనించి, నోరు బార్లా తెరిచి, అన్ని పళ్ళూ చూపించాను. ఆయన చూశాడు. తనకి తెలియకుండానే ఒక కన్ను మూసి చూశాడు.

"ఇంకా ఏమీ కొరకలేదండీ. ఆ అక్రోటుల డబ్బా ఉందా?" అన్నాను.